ఒక్కటి ఆగితే నాలుగూ పడుకోవాలి: జీపీయూ రీసెట్ వెనక కథ

ఇది కొంచెం నా పరువు నేనే తీసుకునే ఎపిసోడ్. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను చేసిన ఒక ఘనకార్యం చెప్పి, అక్కణ్ణుంచి అసలు చరిత్రలోకి వెళ్దాం.

మా టీమ్‌కి ఒక సర్వర్ ఉండేది. అందులో ఎనిమిది జీపీయూ కార్డులు, 0 నుంచి 7 దాకా నంబర్లు. నాకు ఇచ్చింది 5వ నంబర్. ఒక సాయంత్రం నా ప్రోగ్రామ్ ఆ కార్డు మీద ఇరుక్కుపోయింది. ఎంత చంపినా చావట్లేదు. సరే, నా కార్డే కదా అని ఆ ఒక్కదానికి రీసెట్ కమాండ్ కొట్టాను. కాసేపట్లో కార్డు తిరిగొచ్చింది. నేను హాయిగా టీకి వెళ్లిపోయాను.

తిరిగొచ్చేసరికి మా సీనియర్ అన్న నా సీటు పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన ట్రైనింగ్ రన్ 4, 6, 7 కార్డుల మీద నడుస్తోంది. నడుస్తోంది కాదు, నడిచేది.

"ఎవడ్రా రీసెట్ కొట్టింది?"

"నేనే అన్నా. కానీ 5 ఒక్కటే కొట్టాను."

"నువ్వు కొట్టింది ఒక్కటే. పోయినవి నాలుగు."

ఆయన చివరిసారి సేవ్ చేసుకుంది ముందు రోజు మధ్యాహ్నం. అంటే ఒక రోజుకి పైగా లెక్క మొత్తం గాల్లో కలిసిపోయింది. తిట్టలేదు. "డ్రైవర్ కోడ్ తెరిచి చదువు. నాలుగూ ఎందుకు పోయాయో రేపు నాకు చెప్పు" అన్నాడు. రేపటికి చెప్పలేకపోయాను, వారం పట్టింది. ఆ వారంలో చదివిందే ఈరోజు మీకు చెప్తున్నాను.

ముందు ఒక్క మాట, కొత్తగా చూస్తున్న వాళ్ల కోసం. జీపీయూ అంటే గేమ్‌లో బొమ్మలు గీసే చిప్. ఇప్పుడు ఏఐ లెక్కలు చేసేదీ అదే. డ్రైవర్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కీ ఆ చిప్‌కీ మధ్య మాట్లాడే ప్రోగ్రామ్. చిప్ ఇరుక్కుపోతే దాన్ని లేపాల్సిన బాధ్యత డ్రైవర్‌ది. చాలాకాలం పాటు డ్రైవర్లకి ఆ బాధ్యతే లేదు. కథ అక్కడ మొదలవుతుంది.

1998లో త్రీడీఎఫ్‌ఎక్స్ అనే కంపెనీ వూడూ 2 అనే కార్డు తెచ్చింది. అలాంటివి రెండు కొని, కంప్యూటర్ లోపల ఒక చిన్న రిబ్బన్ కేబుల్‌తో కలపొచ్చు. స్క్రీన్‌ని అడ్డగీతలుగా ఊహించుకోండి. ఒక గీత ఒక కార్డు గీస్తుంది, దాని కింది గీత రెండో కార్డు గీస్తుంది. దానికి వాళ్లు పెట్టిన పేరు స్కాన్ లైన్ ఇంటర్‌లీవ్, పొట్టిగా ఎస్‌ఎల్‌ఐ. 2000 చివర్లో ఎన్విడియా ఆ కంపెనీ ఆస్తుల్ని కొనేసింది. 2004లో ఎస్‌ఎల్‌ఐ అన్న మూడు అక్షరాల్నే వేరే అర్థంతో మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. మరుసటి ఏడాది ఏటీఐ తన క్రాస్‌ఫైర్‌తో వచ్చింది. గేమర్లకి పండగ.

మరి అప్పట్లో కార్డు ఇరుక్కుపోతే? స్క్రీన్ గడ్డకట్టేది. మౌస్ కదలదు. మీ బొటనవేలు వెళ్లి క్యాబినెట్ మీద రీసెట్ బటన్ నొక్కేది. ఆలోచిస్తే అంతకంటే బాగా కోఆర్డినేట్ అయిన రీసెట్ ఇంకోటి లేదు! రెండు కార్డులూ, ప్రాసెసరూ, మెమరీ, మీరు సేవ్ చేయని ప్రాజెక్ట్ రిపోర్టూ అన్నీ ఒకే క్షణంలో పోతాయి. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న గొడవే లేదు.

దీన్ని మార్చింది విండోస్ విస్టా. అవును, అందరూ తిట్టిన విస్టానే. దాంతో పాటు టీడీఆర్ వచ్చింది, అంటే టైమవుట్ డిటెక్షన్ అండ్ రికవరీ. జీపీయూకి ఇచ్చిన పని 2 సెకన్లు దాటినా కదలకపోతే, విండోస్ డ్రైవర్‌ని పిలిచి "చిప్‌ని రీసెట్ చెయ్" అంటుంది. స్క్రీన్ ఒకసారి నల్లగా అయి తిరిగొస్తుంది. మూలన ఒక మెసేజ్ వస్తుంది: డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసింది, మళ్లీ కోలుకుంది అని. ఒక నిమిషంలో ఇది అయిదు సార్లు దాటితే ఇక ఓపిక నశించి బ్లూ స్క్రీన్. మీలో చాలామంది లాప్‌టాప్‌లో గేమ్ ఆడేటప్పుడు ఆ ఒక్క సెకను నలుపు చూసే ఉంటారు.

ఆ ఒక్క సెకనులో ఏం జరుగుతుందో చూద్దాం, ఇది అర్థమైతేనే తర్వాతి కథ అర్థమవుతుంది. టిఫిన్ సెంటర్లో టోకెన్ తీసుకుని నిలబడతాం కదా. జీపీయూకి పని ఇచ్చిన ప్రతి ప్రోగ్రామ్ చేతిలోనూ అలాంటి టోకెన్ ఒకటి ఉంటుంది. లైనక్స్‌లో దాన్ని ఫెన్స్ అంటారు. పని అవ్వగానే టోకెన్ నంబర్ పిలుస్తారు. మరి లోపల వంట మాస్టర్ కళ్లు తిరిగి పడిపోతే? బయట అందరూ టోకెన్లు పట్టుకుని అలాగే నిలబడి ఉంటారు. అందుకని డ్రైవర్ ముందు కొత్త ఆర్డర్లు ఆపాలి. తర్వాత చిప్‌ని రీసెట్ చేయాలి. ఇరుక్కుపోయిన టోకెన్లని "సారీ, ఇది అవ్వలేదు" అని చెప్పి అయినా సరే పిలవాలి. ఆ తర్వాతే మళ్లీ కౌంటర్ తెరవాలి. ఆపడం, తుడవడం, తెరవడం. ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ ఒక సరదా విషయం. లైనక్స్ జీపీయూ షెడ్యూలర్ కోడ్‌లో ప్రతి జాబ్‌కీ ఒక కౌంటర్ ఉంటుంది. దాని పేరు కర్మ. జోక్ కాదు, నిజంగా కర్మ అనే రాశారు. ఒక జాబ్ వల్ల చిప్ హ్యాంగ్ అయిన ప్రతిసారీ దాని కర్మ ఒకటి పెరుగుతుంది. హద్దు దాటిందా, ఆ జాబ్ మీద గిల్టీ అని ముద్ర పడుతుంది, ఇక దాన్ని మళ్లీ చిప్‌కి పంపరు. మా నాన్నమ్మకి చూపిస్తే చాలా సంతోషించేది.

ఇంకో వింత కూడా చెప్పి ముందుకెళ్తా. మీ గ్రాఫిక్స్ కార్డులో హెచ్‌డీఎంఐ ద్వారా సౌండ్ పంపే చిన్న భాగం ఒకటి ఉంటుంది. కంప్యూటర్ దృష్టిలో అది వేరే డివైస్, దాని డ్రైవర్ వేరే. కానీ కరెంట్ వచ్చేది ఒకే చోటు నుంచి. ఏఎండీ డ్రైవర్ కొన్ని రకాల రీసెట్లకి ముందు ఆ సౌండ్ భాగాన్ని కూడా నిద్రపుచ్చాలి, లేకపోతే దాని డ్రైవర్ మధ్యలో కంగారుపడుతుంది. అంటే కార్డు ఒక్కటే ఉన్నా ఇంకొకరి అనుమతి కావాల్సి వస్తోంది. ఇక నాలుగు కార్డులయితే?

ఇప్పుడు 2018 నవంబర్‌కి వద్దాం. ఏఎండీ వేగా 20 అనే చిప్‌తో రేడియాన్ ఇన్‌స్టింక్ట్ ఎంఐ50, ఎంఐ60 కార్డులు ప్రకటించింది. ఇవి గేమర్ల కోసం కాదు, డేటా సెంటర్ల కోసం. కార్డు నుంచి కార్డుకి నేరుగా ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ లింకులు. కార్డుకి రెండు లింకులు, ఒక్కోటీ సెకనుకి 100 గిగాబైట్లు. నాలుగు కార్డుల్ని వలయంలా, చేతులు పట్టుకుని నిలబడినట్టు కలపొచ్చు. డ్రైవర్ కోడ్‌లో ఈ గుంపుకి పెట్టిన పేరు హైవ్, అంటే తేనెపట్టు. పక్క కార్డు మెమరీని ఒక కార్డు తన సొంత మెమరీలా నేరుగా చదువుకోవచ్చు, రాసుకోవచ్చు.

గమనించారా, ఇది పాత ఎస్‌ఎల్‌ఐ లాంటిది కాదు. అక్కడ ఒకే బొమ్మని ఇద్దరు పంచుకుని గీసేవాళ్లు. ఇక్కడ ఒకరి జేబులో ఇంకొకరి చెయ్యి ఉంది. ఏ క్షణంలో అయినా 4వ కార్డు పంపిన రిక్వెస్ట్ 5వ కార్డు దగ్గరికి దారిలో ఉండొచ్చు. సరిగ్గా అప్పుడే మీరు 5ని రీసెట్ చేస్తే 4 జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, ఆ జవాబు రాదు. ఇప్పుడు 4 కూడా ఇరుక్కుంది. 4ని నమ్ముకున్న 6 కూడా. పెళ్లిళ్లకి కట్టే సీరియల్ సెట్టు లైట్లు చూశారుగా, ఒక్క బల్బు మాడితే ఆ వరసంతా చీకటే.

అందుకే హైవ్‌లో ఒకటి రీసెట్ అవ్వాలంటే అన్నీ అవ్వాలని డ్రైవర్ నియమం పెట్టుకుంది. చెప్పడం తేలిక. చేయడానికి వెళ్తే మొదటి దెబ్బ తగిలింది.

డ్రైవర్‌లో అప్పటికే ఒక కార్డుని రీసెట్ చేసే ఫంక్షన్ ఉంది. ఆపడం, తుడవడం, తెరవడం మూడూ అందులోనే. మరి నాలుగు కార్డులుంటే లూప్ పెట్టి నాలుగు సార్లు పిలిస్తే సరిపోదా? నేనయితే అదే చేసేవాణ్ణి. కానీ మొదటి కార్డు మూడు పనులూ ముగించి, లేచి, పక్కవాడిని పిలుస్తుంది. పక్కవాడు ఇంకా పాత గందరగోళంలోనే ఉన్నాడు, వాడి వంతు ఇంకా రాలేదు. ప్రతి చిప్‌లోనూ సెక్యూరిటీ ప్రాసెసర్ అని ఒక చిన్న బుర్ర ఉంటుంది. రీసెట్ తర్వాత లింకు రెండు చివర్లలో ఉన్న ఈ బుర్రలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకుని లింకుని మళ్లీ కుదుర్చుకోవాలి. దానికున్న గడువు సుమారు ఒక్క సెకను. ఆ లోపల హైవ్‌లో అందరూ లేవాలి. లేటుగా లేచిన వాడితో లింకు కుదరదు.

ఏఎండీ ఇంజనీర్లు 2018 చివర్లో ఆ ఫంక్షన్‌ని మూడు ముక్కలు చేశారు. ముందు నాలుగు కార్డులకీ ఆపడం. అది పూర్తయ్యాక నాలుగింటికీ తుడవడం. అదీ అయ్యాక నాలుగింటికీ తెరవడం. నిలువుగా చేసే పనిని అడ్డంగా మార్చారన్నమాట. మార్పు చిన్నదే, కానీ నా వారంలో మొదటి రెండు రోజులు దీని దగ్గరే గడిచాయి.

అయినా సరిపోలేదు. తుడిచే దశలో కార్డు తర్వాత కార్డు అని వరసగా వెళ్తే సెకను గడువు వరసలోనే కరిగిపోతుంది. అందుకని ఒక్కో కార్డుకి రీసెట్ పనిని వేరే వర్కర్‌కి అప్పగించి, నాలుగూ ఒకేసారి పరిగెత్తేలా చేశారు. ఇక్కడ ఇంకో తమాషా. కెర్నెల్‌లో వర్క్‌క్యూలు ఉంటాయి, పని పడేస్తే ఎవరో ఒకరు చేస్తారు. మొదట వాడిన క్యూలో నాలుగు పనులూ ఒకే సీపీయూ కోర్ మీద పడే అవకాశం ఉంది. అంటే కాగితం మీద ఒకేసారి, నిజానికి ఒకదాని వెనక ఒకటి! తర్వాత ఏ కోర్‌కీ కట్టుబడని క్యూకి మార్చారు. ఒక్క పదం మార్పు. బీటెక్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్‌లో ఇవన్నీ రాసి పాసయ్యాను, ఒక్కటీ అర్థం కాకుండా.

ఇక అసలైన చిక్కు బాకో అనే రీసెట్ పద్ధతితో వచ్చింది. బస్ యాక్టివ్, చిప్ ఆఫ్. అంటే కంప్యూటర్‌కి కార్డు కనిపిస్తూనే ఉంటుంది, లోపల చిప్‌కి మాత్రం కరెంట్ తీసేస్తారు. తీసి, మళ్లీ ఇస్తారు. రెండు మెట్లు. హైవ్‌లో అయితే నలుగురూ పడుకున్నాకే ఎవరైనా లేవాలి. ముగ్గురు పడుకుని ఒకడు మెలకువగా ఉండగా ఇంకొకడు లేస్తే లింకు మళ్లీ గందరగోళం.

ఊళ్లో లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఎల్‌సీ తీసుకుంటాడు, తెలుసుగా? లైన్ క్లియర్. ఒకే లైన్ మీద నలుగురు నాలుగు చోట్ల ఎల్‌సీ తీసుకుని పనిచేస్తుంటే, నలుగురూ దిగి ఎల్‌సీ వాపసు ఇచ్చేదాకా సబ్‌స్టేషన్‌లో స్విచ్ వేయకూడదు. ముగ్గురు ఇచ్చారు కదా అని వేస్తే ఏమవుతుందో పేపర్లలో చదువుతూనే ఉంటాం. ప్రోగ్రామింగ్‌లో ఈ ఏర్పాటుకి పేరు బ్యారియర్. అందరూ వచ్చేదాకా గేటు తెరుచుకోదు, చివరివాడు రాగానే తెరుచుకుంటుంది.

2019 డిసెంబర్‌లో ఈ పని కోసం లైనక్స్ గ్రాఫిక్స్ కోడ్‌లో ఒక చిన్న ఫైల్ చేర్చారు, పేరు టాస్క్ బ్యారియర్. దాని పైన కామెంట్‌లో ఆ ఐడియా ఎక్కడిదో రాసి ఉంది: అలెన్ డౌనీ రాసిన లిటిల్ బుక్ ఆఫ్ సెమాఫోర్స్. అది స్టూడెంట్ల కోసం రాసి ఆన్‌లైన్‌లో ఫ్రీగా పెట్టిన పుస్తకం. డేటా సెంటర్ కార్డులు నడిపే కోడ్ ఒక పాఠ్యపుస్తకంలోని అభ్యాసం మీద నిలబడింది. ఇది చూసినప్పుడు నాకు నిజంగా ముచ్చటేసింది.

ఆ బ్యారియర్‌కి రెండు గేట్లు. మొదటి గేటు దగ్గర నలుగురు వర్కర్లూ కలుస్తారు, కలిశాక ఎవరి కార్డుని వాళ్లు పడుకోబెడతారు. రెండో గేటు దగ్గర మళ్లీ నలుగురూ కలుస్తారు. అప్పుడే లేపడం మొదలు. ఒకటే గేటు ఎందుకు సరిపోదు అంటారా? ఒక చురుకైన వర్కర్ గేటు దాటి, తన పని చకచకా ముగించి, గేటు ఇంకా తెరిచే ఉండటం చూసి రెండోసారి కూడా దూరిపోగలడు. రెండో గేటు తెరిచే ముందే మొదటిది మూసేస్తే ఆ దొంగదారి ఉండదు, పైగా ఇదే బ్యారియర్‌ని తర్వాతి రీసెట్‌కి కూడా వాడుకోవచ్చు.

లేచాక కూడా పని ఉంది. కార్డుల మెమరీలో ఉన్నదంతా పోయినట్టే లెక్క. డ్రైవర్ మళ్లీ పేజ్ టేబుల్స్ కట్టాలి, ఎవరి పక్కన ఎవరున్నారో చిప్ లోపలి బుర్రకి మళ్లీ చెప్పాలి. మా అన్న లెక్కలు పోయింది ఇక్కడే. ఆయన ప్రోగ్రామ్ ఏ తప్పూ చేయలేదు, కర్మ సున్నా. కానీ అది రాసుకున్న పలకే తుడిచేశారు.

ఇంతదాకా రీసెట్ ఎలా అన్నదే చెప్పాను. అసలు ఎవరు మొదలుపెట్టాలి అన్నది ఇంకో తగాదా, నా దృష్టిలో అదే పెద్దది. ఒక కార్డు ఇరుక్కుంటే దాన్ని నమ్ముకున్న మిగతా మూడూ కాసేపట్లో ఇరుక్కుంటాయి కదా. నాలుగింటికీ వేరే వేరే టైమర్లు. నాలుగూ దాదాపు ఒకేసారి మోగుతాయి. నాలుగు టైమర్లూ "హైవ్‌ని రీసెట్ చేస్తా" అని లేస్తాయి. అదే సమయంలో మెమరీ ఎర్రర్ చూసే భాగం కూడా రీసెట్ అడగొచ్చు. నాలాంటి వాడు చేత్తో కమాండ్ కొట్టొచ్చు. ఒక ఇంట్లో నలుగురు నాలుగు మూలల నుంచి ఫ్యూజు పీకడానికి పరిగెత్తినట్టు ఉంటుంది.

మొదట్లో పరిష్కారం తాళం. ఎవరు ముందు తాళం పట్టుకుంటే వాళ్లే రీసెట్ చేస్తారు. మిగతావాళ్లు "ఇంకొకరు ఆల్రెడీ చేస్తున్నారు" అని లాగ్‌లో ఒక లైను రాసి తప్పుకుంటారు. వినడానికి బాగుంది, కానీ అడిగేవాళ్లు రకరకాలు, తాళాలు పెరిగాయి, ఏ తాళం ముందు పట్టుకోవాలన్న లెక్క చిక్కుబడింది. 2022లో ఆ పద్ధతి తీసేసి రీసెట్ డొమైన్ అన్న ఆలోచన తెచ్చారు. హైవ్ మొత్తానికి ఒక్కటే క్యూ, ఒక్కసారి ఒక్క పనే చేసే క్యూ. టైమర్లయినా, ఎర్రర్ భాగమయినా, మనిషయినా అందరూ ఆ ఒక్క లైన్లోనే నిలబడాలి. మొదటి రీసెట్ అయిపోగానే లైన్లో వెనక ఉన్న ఇతర రీసెట్ అర్జీల్ని చెత్తబుట్టలో వేస్తారు, ఎందుకంటే వాళ్లు అడిగిన సమస్య అప్పటికే తుడిచిపెట్టుకుపోయింది. తాళాల కోసం కొట్టుకునే బదులు ఒక్క కిటికీ ముందు లైను. రేషన్ షాపు తెలివే, కానీ అక్కడికి రావడానికి సుమారు నాలుగేళ్లు పట్టింది.

ఇది ఏఎండీ ఒక్కరి బాధ కాదు. ఎన్విడియా ఎన్‌వీలింక్‌తో కలిపిన కార్డులకీ పాత తరాల్లో ఇదే నియమం, లింకులో ఉన్నవన్నీ ఒకే కమాండ్‌లో రీసెట్ చేయాలి. 2020లో వచ్చిన ఆంపియర్ తరం నుంచి విడివిడిగా చేసే వీలు ఇచ్చారు. నష్టపోయేవాళ్ల సంఖ్య తగ్గించడమే ఇప్పుడు అసలు పోటీ అని నా అభిప్రాయం. ఎందుకంటే గుంపులు పెరిగిపోతున్నాయి. 2022లో టాప్ 500 జాబితాలో మొదటి స్థానానికి వచ్చిన అమెరికా ఫ్రాంటియర్ సూపర్‌కంప్యూటర్‌లో 37,632 జీపీయూలు. 2024లో మెటా తన లామా 3 మోడల్ గురించి రాసిన పేపర్‌లో ఒక లెక్క ఇచ్చింది: 16,384 జీపీయూలు, 54 రోజులు, అనుకోకుండా ఆగింది 419 సార్లు. అంటే సగటున మూడు గంటలకోసారి! అందులో 148 సార్లు జీపీయూల వల్ల, ఇంకో 72 సార్లు వాటి మెమరీ వల్ల. మనిషి వెళ్లి గట్టిగా చెయ్యి పెట్టాల్సి వచ్చింది మూడే సార్లట. ఈ రెండు అంకెల మధ్య తేడానే నేను ఇప్పటిదాకా చెప్పిన లాంటి కోడ్ అంతా.

సరే, మా అన్న దగ్గరికి వద్దాం. వారం తర్వాత బోర్డు మీద గీసి మొత్తం చెప్పాను. వలయం, ఒక్క సెకను గడువు, రెండు గేట్లు అన్నీ. అంతా విని ఒక్క ప్రశ్న అడిగాడు.

"మరి 0 నుంచి 3 ఎందుకు పోలేదు?"

"అవి వేరే హైవ్ అన్నా. 4 నుంచి 7 ఒకే ఇల్లు."

మరుసటి రోజు సర్వర్‌లోకి లాగిన్ అవ్వగానే స్క్రీన్ మీద ఒక కొత్త లైన్ కనిపించింది: 4, 5, 6, 7 ఒకే ఇంట్లో ఉంటాయి, రీసెట్ కొట్టే ముందు ఇంట్లో ఎవరున్నారో అడగండి. కింద నా పేరు కూడా పెట్టాడు, థ్యాంక్స్ అని. ఆయన రన్ మళ్లీ మొదటి నుంచి కాదు, ముందు రోజు మధ్యాహ్నం నుంచి మొదలైంది, ఈసారి గంటకోసారి సేవ్ అయ్యేలా.

గంటకోసారి అంటే ఎందుకు గంట, ఎందుకు పది నిమిషాలు కాదు? దాని వెనక ఒక మంచి లెక్క ఉంది, 1970ల నాటిది. వచ్చే ఎపిసోడ్‌లో అదే. మీ ఆఫీసులో, కాలేజీ ల్యాబ్‌లో ఇలాంటి రీసెట్ కథలుంటే కామెంట్లలో పెట్టండి, పేర్లు లేకుండా. ఉంటాను మరి.